రెండు బెన్ఫికాలు, ఒకే పేట: పోర్చుగల్ మహిళా ఫుట్‌బాల్ టైటిళ్ల చిక్కుముడి

పోర్చుగల్ మహిళా ఫుట్‌బాల్ ఛాంపియన్ల జాబితాలో 2014–15, 2015–16 సీజన్ల ఎదుట బెన్ఫికా పేరు కనిపిస్తుంది. బెన్ఫికా మహిళల జట్టు చరిత్ర చదివితే మాత్రం ఆ జట్టును ఏర్పాటు చేసిందే 2017 డిసెంబరులో అని ఉంటుంది. ఇంకా పుట్టని జట్టు రెండుసార్లు దేశ ఛాంపియన్ ఎలా అయింది?

జాబితాలో తప్పు లేదు. ఆ పేరుతో క్లబ్బులు రెండున్నాయి. చాలామంది పాఠకులు, కొన్నిసార్లు గణాంకాలు కూర్చేవాళ్లు కూడా, చిన్న క్లబ్బు టైటిళ్లను పెద్ద క్లబ్బు ఖాతాలో వేసేస్తున్నారు. ఇది పేరు దగ్గర జరిగిన పొరపాటే అయినా దాన్ని విప్పుతూ పోతే మహిళా ఫుట్‌బాల్ చరిత్రను ఎవరు కట్టారు, ఎవరు ఎప్పుడు వచ్చి చేరారు, టైటిళ్లను ఎలా లెక్కపెట్టాలి అన్న ప్రశ్నలన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

ఎవరు ఏ బెన్ఫికా?

బెన్ఫికా అనేది లిస్బన్ నగరంలో ఉత్తరం వైపున్న ఒక పేట. ప్రపంచమంతా ఎరిగిన ఎర్ర చొక్కాల క్లబ్బు పూర్తి పేరు స్పోర్ట్ లిస్బోవా ఇ బెన్ఫికా. అది 1904లో పుట్టింది ఈ పేటలో కాదు, నదీతీరాన ఉన్న బెలేమ్‌లో. అప్పటి పేరు స్పోర్ట్ లిస్బోవా. 1908లో బెన్ఫికా పేటకు చెందిన మరో క్లబ్బుతో కలిశాకే పేరులో బెన్ఫికా చేరింది. పోర్చుగల్ దిగ్గజ ఆటగాడు యూసేబియో ఆడింది ఇక్కడే. 1961, 1962లో పురుషుల యూరోపియన్ కప్పు గెలిచిందీ ఈ క్లబ్బే.

రెండోది క్లూబ్ ఫుటెబోల్ బెన్ఫికా. అభిమానులు ముద్దుగా ఫోఫో అంటారు. తన మూలాలు 1895 నాటివని చెప్పుకునే ఈ క్లబ్బు పేటను అంటిపెట్టుకుని బతికిన చిన్న సంస్థ. దాని మైదానం పేరు ఫ్రాన్సిస్కో లాజరో స్టేడియం. లాజరో వృత్తిరీత్యా వడ్రంగి, పరుగు పందేల్లో మేటి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పోర్చుగల్ జెండా పట్టుకుని నడిచాడు. అదే క్రీడల్లో మండుటెండలో మారథాన్ పరుగెడుతూ కుప్పకూలి, మర్నాడు చనిపోయాడు. ఆ పేట మనిషి పేరునే పేట క్లబ్బు తన మైదానానికి పెట్టుకుంది.

రెండు క్లబ్బుల మధ్య యాజమాన్య సంబంధం లేదు. ఒకటి మరొకదాని శాఖ కాదు, రిజర్వు జట్టు కాదు. 2015, 2016 టైటిళ్లు పూర్తిగా ఫోఫోవి. ఇక్కడి నుంచి ఈ వ్యాసంలో చిన్న క్లబ్బును ఫోఫో అని, పెద్ద క్లబ్బును బెన్ఫికా అని పిలుద్దాం.

లీగు, కప్పు, సూపర్ కప్పు

టైటిల్ అనే మాటను మూడు నాలుగు రకాల పోటీలకు వాడతారు. తికమక సగం అక్కడే మొదలవుతుంది.

లీగు అంటే సీజన్ పొడవునా సాగే పోటీ. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. చివరికి ఎక్కువ పాయింట్లు వచ్చిన జట్టు దేశ ఛాంపియన్. కప్పు, అంటే టాసా ద పోర్చుగల్, ఓడితే ఇంటికే అనే నాకౌట్ పోటీ. ఇందులో రెండో డివిజన్ జట్లు కూడా ఆడతాయి కాబట్టి సంచలనాలు ఇక్కడే ఎక్కువ. మహిళల కప్పు 2003–04లో మొదలైంది. సూపర్ కప్పు ఒకే ఒక్క మ్యాచ్: లీగు విజేత ఒక వైపు, కప్పు విజేత మరో వైపు. మహిళల్లో ఇది 2015 నుంచి ఉంది. వీటికి తోడు లీగ్ కప్పు అనే పోటీ కూడా తర్వాత వచ్చి చేరింది.

ఫోఫో సంగతే తీసుకుందాం. 2014–15లో లీగు గెలిచింది, కప్పూ గెలిచింది. ఇలా రెండూ ఒకే సీజన్లో గెలవడాన్ని డబుల్ అంటారు. మరి సూపర్ కప్పులో ఎవరితో ఆడాలి? తనతో తాను ఆడుకోలేదు కాబట్టి కప్పు ఫైనల్లో ఓడిన జట్టుకు ఆ అవకాశం దక్కుతుంది. 2015లో ఆ మ్యాచ్ కూడా ఫోఫోనే గెలిచి, మొట్టమొదటి సూపర్ కప్పు విజేతగా నిలిచింది. 2015–16లో మళ్లీ డబుల్ కొట్టింది. ఈసారి సూపర్ కప్పులో ఎదురుపడింది కప్పు ఫైనల్లో తన చేతిలో ఓడిన వలాదారెస్ గాయా. ఆ ఒక్క మ్యాచ్‌లో వలాదారెస్ గెలిచింది. లీగు, కప్పు రెండూ ఫోఫోవి, సూపర్ కప్పు మాత్రం వలాదారెస్‌ది. ఏడాదిలో ఎవరు మిన్న అన్న ప్రశ్నకు సూపర్ కప్పును కొలమానంగా తీసుకోకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

వరుసగా రెండు డబుల్స్, తొలి సూపర్ కప్పు. పేటలో పుట్టి పేటలోనే ఉన్న క్లబ్బు చేసిన పని ఇది. దాన్ని పొరపాటున పొరుగు క్లబ్బుకు రాసివ్వడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

39 టైటిళ్లు, తొమ్మిది క్లబ్బులు

జాతీయ స్థాయి మహిళా పోటీ పోర్చుగల్‌లో 1985–86లో మొదలైంది. అప్పటి నుంచి 2024–25 దాకా 40 సీజన్లు. కోవిడ్ వల్ల 2019–20 సీజన్ మధ్యలో ఆగిపోయి, ఎవరినీ ఛాంపియన్‌గా ప్రకటించలేదు. మిగిలినవి 39 టైటిళ్లు. వాటిని పంచుకున్నవి తొమ్మిది క్లబ్బులు.

ప్రిమైరో ద దెజెంబ్రో 12, బోవిస్టా 11, బెన్ఫికా 5, గాతోయ్స్ 3, ఔరియెన్స్ 2, ఫోఫో 2, స్పోర్టింగ్ 2, లొబావ్ 1, బ్రాగా 1. కూడితే సరిగ్గా 39.

పోర్చుగల్ పురుషుల ఫుట్‌బాల్ తెలిసినవాళ్లకు ఈ వరుస వింతగా ఉంటుంది. పురుషుల లీగులో బెన్ఫికా, పోర్టో, స్పోర్టింగ్ అనే మూడు పేర్లే దాదాపు మొత్తం చరిత్ర. మహిళల జాబితాలో పైనున్న రెండు క్లబ్బులూ ఆ మూడింటిలోవి కావు. పోర్టో అసలు జాబితాలోనే లేదు.

మొదటి దశ బోవిస్టాది. పోర్టో నగరానికి చెందిన, నలుపు తెలుపు గళ్ల చొక్కాల క్లబ్బు. 1985–86 నుంచి 1994–95 దాకా వరుసగా పది, తర్వాత 1996–97లో మరొకటి. బోవిస్టా పురుషులు దేశ లీగును గెలిచింది ఒకే ఒక్కసారి, 2000–01లో. అంటే పురుషులకు తొలి లీగు టైటిల్ రావడానికి నాలుగేళ్ల ముందే మహిళలు పదకొండు టైటిళ్లు తెచ్చి పెట్టారు. ఆ క్లబ్బు చరిత్రను పురుషుల టైటిల్‌తో మొదలుపెట్టి చెప్పేవాళ్లు ఈ వరుసను ఒకసారి చూడాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1993 దాకా ఈ పోటీ పేరు జాతీయ కప్పు. ఆ తర్వాతే జాతీయ ఛాంపియన్‌షిప్ అయింది. కప్పు అనే పేరుతో జరిగినవాటిని లీగు టైటిళ్లుగా లెక్కించవచ్చా అని సందేహం రావచ్చు. దేశంలో అత్యున్నత మహిళా పోటీ అదొక్కటే కాబట్టి ఇప్పుడు వాడుకలో ఉన్న జాబితాలు రెండింటినీ కలిపే చూపిస్తాయి. పేరు మారినంత మాత్రాన ఆడినవాళ్ల కష్టం మారదు కాబట్టి కలిపి లెక్కించడమే సబబని నా అభిప్రాయం. విడదీసి చూస్తే మాత్రం బోవిస్టా లెక్క బాగా తగ్గిపోతుంది. ఎవరైనా బోవిస్టాకు 11 కంటే తక్కువ టైటిళ్లు రాస్తే వాళ్లు ఏ సంవత్సరం నుంచి లెక్కపెట్టారో చూసుకోవాలి.

రెండో దశ ప్రిమైరో ద దెజెంబ్రోది. లిస్బన్‌కు పడమరగా, కొండల మధ్య రాజభవనాలకు పేరుపొందిన సింత్రా పట్టణపు క్లబ్బు. 1640 డిసెంబరు 1న పోర్చుగల్ స్పెయిన్ రాజుల ఏలుబడి నుంచి బయటపడింది. ఆ తేదీనే పేరుగా పెట్టుకుని 1880లో ఈ సంఘం ఏర్పడింది. 1999–2000లో మొదటి టైటిల్, ఆపైన 2001–02 నుంచి 2011–12 దాకా వరుసగా పదకొండు. పోర్చుగల్ తరఫున 145 మ్యాచ్‌లు ఆడిన కార్లా కౌటో ఇక్కడ ఆడింది. హెలెనా కోస్టా ఇక్కడ శిక్షకురాలిగా టైటిళ్లు గెలిచింది. ఆమెను 2014లో ఫ్రాన్స్ రెండో డివిజన్ పురుషుల జట్టు క్లెర్మాంట్ కోచ్‌గా నియమించినప్పుడు ప్రపంచమంతా వార్త అయింది. ఒక్క మ్యాచ్ కూడా జరగకముందే ఆమె ఆ పదవి వదులుకుంది.

ఆ ఇద్దరి ఏలుబడుల మధ్య గాతోయ్స్, లొబావ్ లాంటి ఊళ్ల పేర్లు మెరుస్తాయి. సింత్రా వరుస తెగాక 2012–13, 2013–14లో ఫాతిమా పుణ్యక్షేత్రానికి దగ్గర్లోని ఔరెమ్ పట్టణపు అట్లెటికో ఔరియెన్స్ గెలిచింది. ఆ తర్వాతి రెండేళ్లు ఫోఫోవి.

పెద్ద క్లబ్బులు లేని లోకంలో చిన్న క్లబ్బులు రాజ్యమేలాయన్న మాట తరచూ వినిపిస్తుంది. పూర్తిగా నిజం కాదు. బోవిస్టా అప్పటికే పురుషుల మొదటి డివిజన్లో ఉన్న గట్టి క్లబ్బు. లేనివి ఆ ముగ్గురు దిగ్గజాలు.

2016లో తలుపు తెరిచిందెవరు?

2016–17 సీజన్‌కు ముందు పోర్చుగల్ ఫుట్‌బాల్ సమాఖ్య మొదటి డివిజన్‌ను విస్తరించింది. పురుషుల అగ్రశ్రేణి క్లబ్బులను మహిళా జట్లు పెట్టమని ఆహ్వానించింది. వచ్చినవాళ్లకు నేరుగా మొదటి డివిజన్లో చోటు. ఒప్పుకున్నవి నాలుగు: స్పోర్టింగ్, బ్రాగా, ఎస్తొరిల్, బెలెనెన్సెస్.

మామూలుగా ఫుట్‌బాల్‌లో కొత్త జట్టు కింది డివిజన్ నుంచి గెలుస్తూ పైకి రావాలి. కాబట్టి ఈ నిర్ణయం మీద రెండు రకాల అభిప్రాయాలు సహజంగానే వచ్చాయి.

ఆహ్వానాన్ని సమర్థించేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. చిన్న క్లబ్బుల్లో ఆడేవాళ్లు పగలు ఉద్యోగమో చదువో చూసుకుని సాయంత్రాలు సాధన చేసేవాళ్లు. నైపుణ్యం ఉన్నవాళ్లు జీతం కోసం విదేశాలకు వెళ్లేవాళ్లు. పెద్ద క్లబ్బుకు సాధన మైదానాలు, వైద్యులు, అభిమానులు ముందే ఉంటారు. ఏళ్ల తరబడి ఎదురుచూడటం కంటే ఒక సీజన్లో ఆ వనరులన్నీ లీగులోకి తేవడమే తెలివైన పని.

వ్యతిరేకించేవాళ్ల మాటా తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. ముప్పై ఏళ్లు ఈ ఆటను మోసింది వేరేవాళ్లు. పురుషుల జట్టుకున్న పేరును చూసి మహిళల మొదటి డివిజన్లో కుర్చీ వేయడం, కిందినుంచి కష్టపడి వచ్చిన జట్లను చిన్నబుచ్చడమే. పైగా పెద్ద క్లబ్బులు క్రీడాకారిణులను గాల్లోంచి తేలేవు. చిన్న క్లబ్బులు తయారుచేసుకున్నవాళ్లనే తీసుకుంటాయి.

ఫలితం మొదటి సీజన్లోనే తెలిసిపోయింది. 2016–17లో స్పోర్టింగ్ లీగు, కప్పు రెండూ గెలిచింది, మరుసటి ఏడూ అదే. 2018–19లో బ్రాగా. 2015–16 దాకా డబుల్ మీద డబుల్ కొట్టిన ఫోఫో ఆ తర్వాత మళ్లీ లీగు గెలవలేదు. ఫోఫో జట్టు ఉన్నట్టుండి చెడిపోయి అలా జరగలేదు. పోటీ స్వరూపమే మారిపోయింది. ఫోఫో టైటిళ్ల విలువ తూచేటప్పుడు ఇదొక్కటి గుర్తుంచుకోవాలి: అవి పాత లోకపు చివరి టైటిళ్లు. వాటిని అలాగే, ఆ తేదీలతోనే చదవాలి.

28–0, 32–0: ఆ స్కోర్ల అసలు కథ

బెన్ఫికా 2016లో రాలేదు. జట్టు పెట్టాలని నిర్ణయించింది 2017 డిసెంబరులో. 2018–19లో మైదానంలోకి దిగింది. అప్పటికి నేరుగా మొదటి డివిజన్లోకి రమ్మనే ఆహ్వానం లేదు కాబట్టి రెండో డివిజన్ నుంచే మొదలుపెట్టింది.

చూడటానికి ఇది న్యాయమైన దారి, మిగతా అందరిలాగే కిందినుంచి రావడం. జరిగింది మాత్రం వేరు. బెన్ఫికా అప్పటికే బ్రెజిల్ నుంచి, పోర్చుగల్ మొదటి డివిజన్ నుంచి అనుభవజ్ఞులను తెచ్చుకుంది. రక్షణ శ్రేణిలో జాతీయ జట్టు క్రీడాకారిణి సిల్వియా రెబెలో, దాడిలో బ్రెజిల్‌కు చెందిన డార్లీన్. 2018 సెప్టెంబరులో తొలి లీగు మ్యాచ్‌లోనే పోన్తె ద ఫ్రియేలాస్ మీద 28–0. ఆ తర్వాత పేగో అనే పల్లె జట్టు మీద 32–0.

ఈ అంకెను గడియారంతో కొలిచి చూడండి. 90 నిమిషాలంటే 5,400 సెకన్లు. 32తో భాగిస్తే దాదాపు 169 సెకన్లు. ప్రతి 2 నిమిషాల 49 సెకన్లకు ఒక గోల్. ప్రతి గోల్ తర్వాత బంతిని వలలోంచి తీసి, మధ్యగీత దగ్గర పెట్టి మళ్లీ ఆట మొదలుపెట్టాలి కదా. ఆ సమయం తీసేస్తే ఆట సాగిన ప్రతి రెండు నిమిషాలకు అటూ ఇటుగా ఒక గోల్ పడినట్టు. పేగో వలలోంచి ఆ రోజు ముప్పై రెండుసార్లు బంతి తీయాల్సి వచ్చింది. ఆట ముగిసేదాకా పేగో ఆడింది. నా దృష్టిలో గౌరవం దక్కాల్సింది ఆ పనికే.

ఈ స్కోర్లను బెన్ఫికా గొప్పతనానికి రుజువుగా చూపేవాళ్లున్నారు. సిగ్గుచేటుగా చూపేవాళ్లూ ఉన్నారు. రెండూ సరిగ్గా అతకవు. గోల్ తేడా పట్టికలో పనికొస్తుంది కాబట్టి గోల్స్ కొట్టడం ఆపమని ఏ నియమమూ చెప్పదు. ప్రత్యర్థిని ఆటలో ఎగతాళి చేయకుండా చివరిదాకా మనసు పెట్టి ఆడటమే మర్యాద అని చాలామంది క్రీడాకారులు నమ్ముతారు. ఆ అంకె బయటపెట్టింది వేరొకటి: ఒకే డివిజన్లో వృత్తిగా ఆడే జట్టునూ, పనులు ముగించుకుని వచ్చి ఆడే జట్టునూ పక్కపక్కన నిలబెట్టిన ఏర్పాటును. ఆహ్వానిస్తే వరుస తప్పినట్టు, ఆహ్వానించకపోతే 32–0. 2016 చర్చలో ఇరుపక్షాలూ దీనికి జవాబు చెప్పాలి.

బలం రెండో డివిజన్ స్థాయిది కాదని అదే సీజన్ తేల్చేసింది. కప్పు ఫైనల్లో వలాదారెస్ గాయాను 4–0తో ఓడించి, రెండో డివిజన్ జట్టుగానే బెన్ఫికా పోర్చుగల్ కప్పు ఎత్తింది. 2019 మార్చిలో మొజాంబిక్ తుపాను బాధితుల కోసం లిస్బన్‌లో స్పోర్టింగ్‌తో ఆడిన మ్యాచ్‌కు 15 వేలకు పైగా జనం వచ్చారు. 2020–21 నుంచి 2024–25 దాకా లీగు వరుసగా ఐదుసార్లు బెన్ఫికాదే.

పెద్ద క్లబ్బులు వచ్చి పోటీని చంపేశాయా?

ఐదు వరుస టైటిళ్లు చూసి డబ్బు ఆటను మింగేసిందనేవాళ్లున్నారు. జాబితా చేతిలో పెట్టుకుని ఈ మాటను పరీక్షించాలి. బోవిస్టా వరుసగా పది గెలిచింది. సింత్రా క్లబ్బు వరుసగా పదకొండు. ఒకే జట్టు ఏళ్ల తరబడి ఏలడం పోర్చుగల్ మహిళా ఫుట్‌బాల్‌కు పెద్ద క్లబ్బులు అంటించిన జబ్బు కాదు, మొదటినుంచీ ఉన్నదే. నిజానికి నలభై ఏళ్లలో పోటీ బాగా పంచుకుపోయిన కాలం 2012–13 నుంచి 2018–19 దాకా ఉన్న ఏడు సీజన్లు. నలుగురు ఛాంపియన్లు, ఎవరికీ రెండుకు మించి లేవు. ఆ కాలం పాత లోకాన్నీ కొత్త లోకాన్నీ దాటుకుంటూ పోయింది.

తేడా మరోచోట ఉంది. సింత్రా క్లబ్బు ఏలుబడికి డబ్బు, స్టేడియం, టెలివిజన్ అండ లేవు. మంచి క్రీడాకారిణులు ఒకచోట చేరారు, అలవాటుగా గెలిచారు. వాళ్లు వెళ్లిపోతే ఏలుబడీ పోయింది. ఇప్పటి బెన్ఫికా ఏలుబడి వెనక ఒక సంస్థ ఉంది. ముఖ్యులు వెళ్లిపోయినా కొత్తవాళ్లు వస్తారు. 2023లో క్లోయీ లకాస్ ఆర్సెనల్‌కు, 2024లో కికా నజరెత్ బార్సిలోనాకు వెళ్లారు. 2024–25 టైటిల్ మళ్లీ బెన్ఫికాదే. చిన్న క్లబ్బులు ఎదురుచూసి ఎదుర్కొనే రకం ఏలుబడి కాదిది. వ్యతిరేకుల ఆందోళనలో నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది ఈ అంశమే.

మరోవైపు జాతీయ జట్టును చూడాలి. 2016 అక్టోబరులో రొమేనియా మీద ఆండ్రెయా నార్టన్ అదనపు సమయంలో కొట్టిన గోల్‌తో పోర్చుగల్ మొదటిసారి యూరో పోటీలకు అర్హత సాధించింది. ఆ అర్హత పెద్ద క్లబ్బుల తొలి సీజన్ మొదట్లోనే వచ్చింది. దాన్ని వాళ్ల ఖాతాలో వేయలేం. పాత వ్యవస్థలో పెరిగినవాళ్లు, విదేశాల్లో ఆడినవాళ్లు తెచ్చిన విజయం అది. 2023 ప్రపంచ కప్పు సంగతి వేరు. ప్లేఆఫ్‌లో కామెరూన్ మీద ఆఖరి క్షణాల్లో పెనాల్టీ కొట్టి 2–1తో గెలిపించిన కరోల్ కోస్టా అప్పటికి బెన్ఫికా క్రీడాకారిణి. ఆ ప్రపంచ కప్పులో అమెరికాతో 0–0గా సాగుతున్న మ్యాచ్ చివర ఆనా కపేటా కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. కాస్త లోపలికి వెళ్లి ఉంటే అమెరికా గ్రూపు దశలోనే ఇంటికి పోయేది.

యూరప్‌లో బెన్ఫికాను ఎలా అంచనా వేయాలి?

సింత్రా క్లబ్బు వరుస మొదలైన 2001–02లోనే యూరప్ మహిళల క్లబ్బు పోటీ కూడా మొదలైంది. స్వదేశంలో ఎదురులేని ఆ జట్టు యూరప్‌లో చివరి దశల దాకా ఎప్పుడూ రాలేదు. 2021–22లో గ్రూపు దశకు చేరిన మొదటి పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికా. తొలి మ్యాచ్‌లోనే బయర్న్ మ్యూనిక్‌ను 0–0తో నిలువరించింది.

ఆ తర్వాత రెండు సీజన్లూ బార్సిలోనా గ్రూపులోనే పడింది. ఆ నాలుగు స్కోర్లు బెన్ఫికా వైపు నుంచి వరుసగా ఇవి: 0–9, 2–6, 0–5, 4–4. పేగో మీద 32 కొట్టిన క్లబ్బు నాలుగేళ్లకే మరో మైదానంలో తొమ్మిది తిన్నది. జట్ల మధ్య అంతరం పోర్చుగల్ లోపల ఎంత ఉందో, పోర్చుగల్‌కూ బార్సిలోనాకూ మధ్య కూడా అంతే తీవ్రంగా ఉండేది.

2024 జనవరి 31న లిస్బన్‌లో వచ్చిన 4–4ను ఎంత గొప్పగా తీసుకోవాలి? మూడు నెలలు కూడా తిరగకముందు 0–5తో ఓడిన జట్టు యూరప్ ఛాంపియన్ల మీద నాలుగు గోల్స్ కొట్టడం పెద్ద విషయమే. అయితే అప్పటికే ఐదు మ్యాచ్‌లూ గెలిచిన బార్సిలోనాకు గ్రూపులో మొదటి స్థానం ఖాయమైపోయింది. ఆ సంగతి దాచిపెట్టి ఈ స్కోరును చెప్పకూడదు.

ఆ గ్రూపు లెక్క చూస్తే బెన్ఫికా ముందుకెళ్లింది ఆ ఒక్క రాత్రి వల్ల కాదని తెలుస్తుంది. ఆరు మ్యాచ్‌ల్లో రెండు గెలుపులు, మూడు డ్రాలు, ఒక ఓటమి. 6, 3 కలిపితే 9 పాయింట్లు, రెండో స్థానం. ఆ రెండు గెలుపులూ ఫ్రాంక్‌ఫర్ట్ మీద, రోసెన్‌గార్డ్ మీద ఒక్కో గోల్ తేడాతో వచ్చినవే. ఆ రెండు 1–0లే క్వార్టర్ ఫైనల్ తలుపు తీశాయి. అక్కడ లియాన్ చేతిలో 1–2, 1–4తో ఓడింది. పోర్చుగల్ క్లబ్బు అంతదూరం వెళ్లడం అదే మొదటిసారి. మరుసటి సీజన్లో స్వీడన్ జట్టు హామర్‌బీ చేతిలో ఓడి, గ్రూపు దశకు కూడా చేరలేకపోయింది. ఒక మంచి ఏడాదిని చూసి ఇక అగ్రశ్రేణిలో స్థిరపడిపోయిందనుకోవడం తొందరపాటు.

టొరెన్స్ దెబ్బ, పోర్టో రాక

2024–25లో ఐదో వరుస లీగు గెలిచిన బెన్ఫికా కప్పు ఫైనల్లో టొరెన్స్‌తో తలపడింది. లిస్బన్‌కు ఉత్తరాన ఉన్న తొర్రెస్ వెద్రాస్ పట్టణపు క్లబ్బు అది. అదనపు సమయానికి వెళ్లిన మ్యాచ్‌లో టొరెన్స్ 2–1తో గెలిచి కప్పు తీసుకుపోయింది. రెండేళ్ల ముందు, 2022–23లో, ఫమలికావ్ అనే మరో పట్టణ క్లబ్బు కప్పు గెలిచింది. లీగులో సీజన్ పొడవునా బెన్ఫికాను వెనక్కి నెట్టడం ఇప్పటికీ కష్టమే. ఒక్క మధ్యాహ్నానికి మాత్రం సాధ్యమేనని ఈ రెండు పట్టణాలు చూపించాయి.

ఇంతకాలం జాబితాలో కనిపించని పోర్టో కూడా 2024–25లో మహిళల జట్టుతో వచ్చింది. ఈసారి ఆహ్వానమూ లేదు, రెండో డివిజనూ లేదు. ఈలోగా కింద మరో మెట్టు చేరింది కాబట్టి మూడో డివిజన్ నుంచి మొదలుపెట్టింది. అక్కడ దానికి ఎదురుపడ్డవి పేగో లాంటి చిన్న జట్లు. రెండు డివిజన్ల మధ్య అంతరం ఎంత తగ్గిందో పోర్టో పైకి వచ్చే దారిలో పడే స్కోర్లే చెప్పాలి.